ఎడమచేతి కుట్టు

తడిసి ఎండిన మిరపకాయ వాసన ఎట్లా ఉంటుందో దాన్ని ఎరగనివాళ్ళకు చెప్పడం కష్టం. ఘాటు పోతుంది. ఉతక్కుండా మూలన పడేసిన గుడ్డలో ఉండే పులుపు మిగులుతుంది. 2003లో శివరాత్రికి వారం ముందు వాన పడ్డాక మా కల్లమంతా ఆ వాసనే. ఆ ఏడు నాకది ప్రతిచోటా తగిలింది. అన్నం కంచంలో, చొక్కా కాలర్లో, ఆఖరికి గుంటూరులో నా బావమరిది ఏసీ గదిలో కూడా.

మాది నల్లపాడు అవతల ఊరు. నాలుగెకరాల మిరప. ఊళ్ళో బడిలో ఏడో తరగతి దాకా చదివాను. నాది ఎడమచేతి వాటం. పంతులుగారు వేళ్ళ కణుపుల మీద కొట్టి కొట్టి రాతని కుడిచేతికి మార్చారు. బడి బయట పనుల జోలికి ఆయన రాలేదు. మిరపకాయల గోనె బస్తాని మేం టిక్కీ అంటాం. దాని మూతి నేను ఇప్పటికీ ఎడమచేత్తోనే కుడతాను. అందరి కుట్లూ ఒక పక్కకి వాలితే నావి రెండో పక్కకి వాలతాయి. గుంటూరు మిర్చి యార్డులో వెయ్యి టిక్కీలున్నా నావి నాకు దూరం నుంచే తెలుస్తాయి.

మా అమ్మాయి జ్యోతిర్మయి గుంటూరులో ఎంసీఏ చదివి ఇంట్లోనే ఉండి పని చేసుకునేది. జీతం లేని పని. ప్రపంచంలో చాలామంది కలిసి యూనిక్స్ లాంటి ఒక సిస్టం తయారుచేసి ఊరికే ఇస్తున్నారట. ఉత్తరాలు పంచే మెయిల్ సర్వర్ అందులో ఒక భాగం. దాన్ని రాసింది మా అమ్మాయి కాదు. ఎక్కడో ఎవరో రాస్తాడు. దాన్ని తెచ్చి, ఆ సిస్టంలో కుదిరేట్టు సరిచేసి, ఏ ఫైలు ఎక్కడికి పోవాలో రాసిపెట్టి, ప్యాకేజీగా కట్టి పంపడం ఈ పిల్ల పని. తప్పుందని ఎవరైనా ఉత్తరం రాస్తే మళ్ళీ విప్పి, బాగుచేసి, మళ్ళీ కట్టాలి. ప్యాకేజీ మీద బాధ్యురాలు అన్నచోట తన పేరుంటుంది. పంపేటప్పుడు అది తనదేనని కంప్యూటర్లోనే సంతకం చేస్తుంది.

"మా మిరపకాయల గ్రేడింగూ కుట్టుడూ అన్నమాట," అన్నాను ఒకసారి.

"అంతే నాన్నా. మా వాళ్ళెవరికీ ఇంత తేలిగ్గా చెప్పడం రాదు," అని నవ్వింది.

ఆ పనిలో నాకూ కొంచెం వాటా ఉండేది. ప్యాకేజీ తయారవగానే దాన్నంతా నూరి ఒక వరస తీస్తుంది కంప్యూటరు. చెక్‌సమ్ అంటారు. ముప్పై రెండు గుర్తులు. లోపల ఒక్క అక్షరం మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. ఆ వరసని నోటుపుస్తకంలో రాసుకునేది. పంపేముందు మళ్ళీ తీసి, నన్ను పుస్తకంలోది పైకి చదవమని, తను తెర మీద చూసుకునేది.

"తొమ్మిది, ఏ, నాలుగు, ఎఫ్... ఎఫ్ దాటి రాదేందమ్మా?"

"ఇందులో అంతవరకే ఉంటాయి నాన్నా."

నాకొచ్చిన ఇంగ్లీషుకి అది సరిగ్గా సరిపోయింది. మా ఇద్దరికీ మాటలు తక్కువ. ఆ ముప్పై రెండూ చదవడమే మా కబుర్లు.

వాన పడ్డాక కాయలో సగం తెల్లబడింది. అట్లా రంగు పోయినదాన్ని తాలు అంటాం. గ్రేడింగుకి వచ్చిన ఆడవాళ్ళలో పెద్దది షాజాదీ. కుప్పని చూసి ముక్కుకి కొంగు కట్టుకుంటూ, "పేరయ్య మామా, ఇందులో తాలు ఏరటం కాదు, ఎరుపు ఏరాలి. అదే పని తక్కువ," అంది. అందరూ నవ్వారు.

ఆ మధ్యాహ్నమే నాగేంద్రబాబు కారులో వచ్చాడు. నా భార్య సుబ్బరావమ్మకి తమ్ముడు. గుంటూరులో ఇంటర్నెట్ ఆఫీసు నడిపేవాడు. మిర్చి ఎగుమతి చేసే కంపెనీలకి కనెక్షన్లు ఇచ్చేది అతనే. మా అమ్మాయికి మొదట కంప్యూటరు ముట్టుకోవడం నేర్పిందీ అతనే. చెప్పులు విడవకుండా పట్టా మీద కాయల్లోకి నడిచొచ్చాడు.

"ఏంది బావా, దుఃఖంలో ఉన్నావు? అడుగున తాలు పొయ్యి. నడుమ కూడా పొయ్యి. పైన ఒక జానెడు ఎరుపు పరుచు. కమిషన్ కొట్టాయన మనవాడే. చెయ్యి లోపలికి పెట్టడు, నాదీ పూచీ."

నేను కాయలు ఏరుతూనే ఉన్నాను.

"అందరూ చేసేదే. నీకొక్కడికేనా శుద్ధి?"

తర్వాత అమ్మాయి గది వైపు చూస్తూ అన్నాడు. "నీ కూతురు నీకంటే ఘనురాలు. ఎగుమతి కంపెనీలో కలీం అని ఒకడున్నాడులే, కంప్యూటర్లు చూసేవాడు. మెయిల్ సర్వర్ నేను పెడతానయ్యా అంటే, మీ చేతిది వద్దండీ, జ్యోతిగారి సంతకం ఉన్నదే దింపుకుంటా అంటాడు. నా కనెక్షన్ మీద బతుకుతా నాతోటి ఆ మాట!" నవ్వుతూనే అన్నాడు. చెప్పు కింద కాయలు పగిలి గింజలు బయటికొచ్చాయి.

మర్నాడు నేను కలిపాను. ఇరవై టిక్కీలు. షాజాదీ ఒకసారి నా మొహం చూసి తల తిప్పుకుంది. గ్రేడింగు ఆడవాళ్ళు ఆ రోజు పాటలు పాడుకోలేదు. టిక్కీ టిక్కీకీ తాలు తొక్కి, పైన ఎరుపు పరిచి, నేనే కుట్టాను. ఎడమచేత్తో, ఎప్పటిలాగే. నా చేతులకి ఆ పుల్లవాసన సబ్బుతో పోలేదు.

చివరి టిక్కీ కుట్టేసరికి అమ్మాయి సీడీ పట్టుకుని వచ్చింది. అసలు ప్రోగ్రాంలో ఏదో కన్నం బయటపడిందట. దాంట్లోంచి దొంగలు దూరకముందే బాగుచేసిన ప్యాకేజీ పంపాలి. వారం నుంచి సరిగ్గా తినకుండా దాని మీదే ఉంది. మా ఊరి ఫోన్ లైన్ మీద అంత పెద్దది పోదు. ఎప్పుడూ నాగేంద్ర ఆఫీసుకెళ్ళి తనే పంపేది. కిందటి సారి సీడీ బస్సు రద్దీలో సంచిలోనే విరిగింది.

"నువ్వు ట్రాక్టర్ మీద పట్టుకెళ్ళు నాన్నా. నేను పది గంటల బస్సుకి వస్తా."

రెండు అట్టముక్కల మధ్య పెట్టి, గోనెముక్కలో చుట్టి, అదే దబ్బనంతో, అదే పురికొసతో నాలుగు పక్కలా కుట్టేశాను. తను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయింది. "ఇంతకంటే చెక్‌సమ్ ఎందుకు నాన్నా?" అంది.

గురువారం గుంటూరు వెళ్ళాను. పది గంటల బస్సుకి తను రాలేదు. జ్వరం తగిలిందని, రేపు వస్తానని నాగేంద్ర ఆఫీసుకి ఫోన్ చేసింది. యార్డులో తొక్కిడి, దుమ్ము. నా టిక్కీల వంతు మర్నాటికి పడింది. ఆ తొక్కిడిలో సీడీ నలుగుతుందని నాగేంద్ర బల్ల సొరుగులో పెట్టి వెళ్ళి నా టిక్కీల పక్కన కూర్చున్నాను.

శుక్రవారం పొద్దున కమిషన్ కొట్టాయన వచ్చాడు. నా టిక్కీ మూతి విప్పించి, పైనున్న నాలుగు కాయలు విరిచి, వాసన చూసినట్టు ముక్కు దగ్గర పెట్టుకుని, సరే అన్నాడు. పక్క రైతు టిక్కీలో మోచేతి దాకా దూర్చి అడుగుకాయ తీశాడు. ఆ రైతు నా వైపు చూశాడు. నా గురించి అతనికి తెలిసిపోయింది.

అక్కణ్ణుంచి నాగేంద్ర ఆఫీసుకి వెళ్ళాను. ఏసీ వేసి కిటికీలు మూసి, లోపల బజ్జీలు తింటున్నాడు. నూనె వేళ్ళతోనే కీబోర్డు కొడుతున్నాడు. అక్షరాల మీద నూనె మెరుస్తోంది. అమ్మాయి అప్పుడే వచ్చినట్టుంది, మొహం ఇంకా జ్వరంతో వాడిపోయి ఉంది.

"మీ నాన్న టిక్కీలు చెయ్యి పెట్టకుండానే పోయినయ్ తెలుసా?" అన్నాడు దానితో. నాకు కన్ను కొట్టాడు. కుర్రాడిచేత టీ తెప్పించి నా చేతిలో పెట్టాడు. తర్వాత సొరుగులోంచి గోనెముక్క తీసి దాని ముందు పెట్టాడు.

అమ్మాయి సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. నేను చదవడానికి ముందుకు వంగాను. తను పుస్తకాన్ని మళ్ళీ లోపల పెట్టేసింది.

"నువ్వు కుట్టినదేగా నాన్నా. లైన్ ఉండగానే పంపేస్తా. ఇప్పటికే ఒకరోజు ఆలస్యం."

కత్తెర తీసుకుంది.

కుట్లు కుడిచేతివి.

ముప్పై ఏళ్ళుగా కుట్లు చూస్తున్నవాణ్ణి. పొరపాటు పడే వీల్లేదు. కొసని నేను ముడి వేసే పద్ధతి కూడా కాదు. నాగేంద్ర దాని భుజం మీంచి తెర వైపు చూస్తున్నాడు, నా వైపు కాదు. ఒక్క మాట చాలు. ఆ మాట అంటే, నీ తమ్ముడు దొంగ అని నా భార్యతో అన్నట్టు. పైగా గంట క్రితమే అతని పూచీ మీద తాలు అమ్ముకొచ్చాను. ఏ మొహంతో అడుగుతాను?

టీ తాగాను. పురికొస తెగిన చప్పుడు వినిపించింది. అమ్మాయి సీడీ పెట్టి, ఏదో కొట్టి, తన సంతకం చేసి పంపేసింది. "అయిపోయింది," అని కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

టీలో కూడా ఆ పుల్లవాసన.

మూడు వారాల తర్వాత, రెండో కోత కల్లంలో ఆరబోసి ఉండగా, ఎర్ర మోటార్ సైకిల్ మీద ఒకతను వచ్చాడు. చెప్పులు గట్టు మీద విడిచి పట్టా అంచున నిలబడ్డాడు.

"పేరయ్యగారేనాండీ? నా పేరు కలీం. జ్యోతిగారితో మాట్లాడాలండి."

అమ్మాయి వచ్చింది. వాళ్ళిద్దరూ ఉత్తరాల్లోనే తప్ప ఎదురుగా చూసుకోవడం అదే మొదలు. అతను చొక్కా లోపల్నించి మడిచిన కాగితాలు తీశాడు.

"మా ఆఫీసు నుంచి ఒక్క మెయిల్ పోతే సర్వర్ రాసుకునే లాగ్ ఫైల్లో రెండు పోయినట్టు పడుతున్నాయి మేడం. రెండోది ఎప్పుడూ ఒకే చోటికి. మేం ఎవరికి ఏ రేటు రాశామో బజారులో ముందే తెలిసిపోతోంది. నా తప్పేమోనని వారం వెతికా. నాకేం దొరకలేదు. మీ ప్యాకేజీలోనే ఉందండి."

"నా దాంట్లో ఉండదు," అంది అమ్మాయి. కోపం లేదు ఆ గొంతులో. రెండు రెళ్ళు నాలుగు అన్నట్టు అంది.

"ఉండకూడదనే నేనూ అనుకున్నానండి. అందుకే ఫోన్ చేయకుండా వచ్చా."

ముగ్గురం లోపలికి వెళ్ళాం. కలీం తను దింపుకున్న ప్యాకేజీని సీడీ మీద తెచ్చాడు. అమ్మాయి దాన్ని పెట్టి వరస తీసింది. నోటుపుస్తకం నా చేతికిచ్చింది.

"చదువు నాన్నా."

"ఏడు," అన్నాను.

తను తెర మీదికి వంగింది.

"ఏడు. తర్వాత సీ..."

"ఆపెయ్ నాన్నా. ఇక్కడ మొదటిదే డీ ఉంది."

కలీం తల దించుకున్నాడు. అమ్మాయి తెర వైపే చూస్తోంది. వేళ్ళు మడుస్తూ రోజులు వెనక్కి లెక్కపెట్టుకుంటోంది. ఇల్లు, ట్రాక్టరు, సొరుగు, ఆఫీసు. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఆ రోజు నేను కోసింది నువ్వు కుట్టిందేగా నాన్నా?"

"కాదు."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నువ్వు కోస్తుంటే."

అమ్మాయి తల ఊపింది. అంతే. నోటుపుస్తకం నా చేతిలోంచి తీసుకుని మూసింది.

నాగేంద్రని నేనే పిలిపించాను. వచ్చి అక్క చేతి కాఫీ తాగి, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. అబద్ధం ఆడతాడనుకున్నాను. ఆడలేదు. అది ఇంకా రోతగా ఉంది.

"అవును, మా ఆఫీసులో కుర్రాడి చేత రెండు లైన్లు రాయించా. ఏమైందిప్పుడు? ఎవడన్నా చచ్చాడా? ఆ కలీం గాడు నా చేతిది పెట్టనంటే ఏం చెయ్యమంటావు బావా? రేట్ల కబురు కావాలని అడిగేవాళ్ళున్నారు, ఇచ్చా."

"నా పేరు మీద ఇచ్చావు మామయ్యా," అంది అమ్మాయి.

"నువ్వు సరిచూసుకునుంటే ఆ రోజే దొరికిపోయేవాణ్ణి. చూసుకోలేదు. అది నా తప్పా?"

సుబ్బరావమ్మ మధ్యలోకి వచ్చింది. "పోనీలేవే. మేనమామ. ఏదో తెలియక చేశాడు. ఆ తెల్లోళ్ళకి ఏమన్నా కబురు పంపుతావేమో, ఇంటి పరువు బజారుకెక్కుతుంది."

"తెలియక కాదమ్మా."

"తమ్ముడయ్యా వాడు," అని నా వైపు తిరిగింది, సాక్ష్యం చెప్పమన్నట్టు. "నువ్వన్నా చెప్పవయ్యా!"

"లే," అన్నాను నాగేంద్రతో.

అతను నవ్వాడు. "తాలు బావా, తాలు! ఇరవై టిక్కీలు. నువ్వు నన్ను లెమ్మంటున్నావా?"

అతనన్నది నిజమే. అయినా నిలబడే ఉన్నాను. కాసేపటికి లేచి వెళ్ళాడు. కాఫీ గ్లాసు అంచున అతని పెదాల జిడ్డు ఉంది. సుబ్బరావమ్మ ఏడుస్తూ దాన్ని తోమింది. ఆ తర్వాత నెల రోజులు నాతో మాట్లాడలేదు. మా గడప ఇంక అతను తొక్కలేదు.

అమ్మాయి ఆ సాయంత్రమే ఉత్తరం రాయడానికి కూర్చుంది. ప్యాకేజీ దింపుకున్నవాళ్ళందరికీ, ఎన్ని దేశాల్లో ఉన్నారో అంతమందికీ, అది పాడైందని, తీసేయమని చెప్పాలి. ఎట్లా పాడైందో కూడా రాయాలట. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"మా నాన్న చూసి కూడా చెప్పలేదని రాయనా?" అని అడిగింది, వెనక్కి తిరక్కుండా.

"రాయి."

కీబోర్డు చాలాసేపు చప్పుడైంది. నాకు ఆ ఇంగ్లీషు అర్థం కాదు. ఎఫ్ దాటిన అక్షరాలే ఎక్కువ అందులో. పూర్తయ్యాక తనే చెప్పింది.

"పంపేముందు నేను సరిచూడలేదు అని రాశా. అది నిజమేగా."

వాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారట. నిజం చెప్పినందుకు మెచ్చుకున్నారట. సంతకం మాత్రం రద్దు చేశారు. ప్యాకేజీ మీద తన పేరు తీసేశారు. బాధ్యుడు దొరికేదాకా అలాంటివాటిని అనాథ అంటారని చెప్పింది. నాలుగేళ్ళు కనిపెట్టుకుని ఉన్న పని అది.

వారం తర్వాత కలీం మళ్ళీ వచ్చాడు. తమ ఆఫీసులో ఉద్యోగానికి రమ్మని అడగడానికి వచ్చినవాడు, గట్టు మీద కూర్చుని ఎటో చూస్తూ అన్నాడు.

"మా ఓనరుగారు జరిగిందంతా విన్నారు మేడం. విని ఏమన్నారో తెలుసాండి? ఆ అమ్మాయి అట్లాంటిది మనకీ ఒకటి చేసిస్తుందా, మిగతా కంపెనీల్లో పెట్టడానికి, అన్నారు."

అమ్మాయి మొదట నవ్వింది. తర్వాత పక్కకి తిరిగి ఉమ్మేసింది. అది ఉమ్మడం నేనెప్పుడూ చూడలేదు.

"మరి మీరక్కడే పనిచేస్తున్నారుగా," అంది.

"అవునండి," అన్నాడు కలీం. "పిల్లలున్నారండి." చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఏప్రిల్లో ఆఖరి కోత. కాయ తక్కువ, రంగు బాగుంది. ఈసారి షాజాదీ వాళ్ళ చేత గింజంత తెలుపు లేకుండా ఏరించాను. తాలు వేరే కుప్ప పోయించి, దాన్ని తాలుగానే అమ్మడానికి పక్కన పెట్టాను. పదకొండు టిక్కీలొచ్చాయి. అన్నీ కుట్టి వరసగా నిలబెట్టాను. కుట్లన్నీ ఒకే పక్కకి వాలి ఉన్నాయి.

అమ్మాయి కల్లంలోకి వచ్చింది. ఆ ఉత్తరం పంపినప్పటినుంచి మేం అవసరానికి తప్ప మాట్లాడుకోలేదు. టిక్కీల ముందు నిలబడి కుట్లు చూసింది, వేలితో తడిమింది. తర్వాత కొంగులోంచి కత్తెర తీసింది.

మొదటి టిక్కీ మూతి కోసేసింది. చెయ్యి లోపలికి దూర్చింది. మోచెయ్యి దాటి, భుజం దాకా. చెంప గోనెకి ఆనించి, కళ్ళు మూసుకుని, అడుగున వెతికి గుప్పెడు కాయ పైకి తీసింది. ఎండకి పట్టి ఒక్కొక్కటీ తిప్పి చూసింది. ఎర్రటి కాయలు. చేతి మీద మంట మొదలైందని దాని మొహంలో తెలుస్తోంది. షాజాదీ చేట కింద పెట్టి చూస్తూ ఉండిపోయింది.

గుప్పెడూ తిరిగి టిక్కీలో పోసి, దబ్బనం నా చేతికిచ్చింది.

"కుట్టు నాన్నా," అంది.

నేను కుడుతూ ఉండగానే కత్తెర పట్టుకుని రెండో టిక్కీ దగ్గరికి వెళ్ళింది.